ఆరు పాయింట్ మూడు సున్నా సున్నా

తిరుపతిరావు పన్నెండేళ్ళు గవర్నర్‌పేటలో నీటి మోటార్లు అమ్మి, నలభై దాటాక కంప్యూటర్లలోకి దిగాడు. దిగాడన్న మాటేగానీ ఆయన లెక్కలో కంప్యూటర్ కూడా ఒక మోటారే. దానికి హార్స్‌పవర్ ఎలాగో దీనికి గిగాహెర్ట్జ్ అలాగ. ప్రాసెసర్ అనే చిన్న బిళ్ళ లోపల గడియారం లాంటిది కొట్టుకుంటూ ఉంటుందనీ, సెకనుకి ఎన్ని వందల కోట్లసార్లు కొట్టుకుంటే అంత స్పీడనీ షాపులో ఇంజనీరుగా పనిచేసే కిరీటి చెప్పినప్పుడు ఆయన తృప్తిగా తలూపాడు. ఎక్కువైతే మంచిది. అంతకుమించి తెలుసుకోవాల్సింది ఇంకేదో ఉందని పదిహేనేళ్ళలో ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు.

ఆయన ఆర్కాన్ కంపెనీ ప్రాసెసర్లకి డీలరు. వెల్ట్రా కంపెనీ డీలరు కాశీరావు. ఇద్దరి షాపులూ పద్మావతమ్మ గారి కాంప్లెక్సులోనే, మొదటి అంతస్తులో. మెట్లెక్కితే ఎడం చివర తిరుపతిరావు, కుడి చివర కాశీరావు, మధ్యలో డాక్టర్ సాయిశ్రీ పళ్ళ ఆసుపత్రి. కాశీరావుది కైకలూరు వైపు. ఇంటిల్లిపాదీ కొల్లేటి చేపల వ్యాపారం, పైగా సొంత ఐసు ఫ్యాక్టరీ. చేపల వాసన పడకపోవడం వల్ల అతనొక్కడే ఇటు వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు అండీ గారూ అనే పిలుచుకునేవాళ్ళు. సాయంత్రం నాలుగింటికి ఒకే ఫ్లాస్కులో టీ పంచుకునేవాళ్ళు. పోటీ అంతా బోర్డుల మీదే.

కంపెనీలు కూడా అలాగే ఉన్నాయి. వెల్ట్రా ఆరు గిగాహెర్ట్జ్ అంటే నెల తిరిగేలోగా ఆర్కాన్ ఆరు పాయింట్ ఒకటి అనేది. వెల్ట్రా పాయింట్ రెండు అనేది. ప్రతిసారీ ఇక్కడ పాత ఫ్లెక్సీ దిగేది, కొత్త ఫ్లెక్సీ ఎక్కేది. కొనడానికి వచ్చేవాళ్ళలో చాలామంది ట్యాలీ వేసుకునేవాళ్ళూ, మీ-సేవ పెట్టుకున్నవాళ్ళూ, పెళ్ళి ఆల్బమ్‌లు చేసేవాళ్ళూ. పాయింట్ ఒకటి పెరిగితే వాళ్ళకి ఒరిగేదేమిటో ఎవరూ అడగలేదు. పెరిగింది కదా అని కొనేవాళ్ళు.

చిక్కంతా మొన్న ఫిబ్రవరిలో మొదలైంది. ఆర్కాన్ 6.3 గిగాహెర్ట్జ్ బిళ్ళ తెచ్చింది. అదే వారం వెల్ట్రా 6.25 తెచ్చింది. తిరుపతిరావు బోర్డు కట్టించి, ఈసారి అవతలి షాపు ఖాళీగా ఉంటుందని ఎదురుచూశాడు. ఖాళీ అయింది తన షాపే. జనం మెట్లెక్కి, రెండు బోర్డులూ చూసి, కుడివైపు తిరుగుతున్నారు. రెండు రోజులు చూసి, మూడోరోజు ఒక కస్టమర్‌ని ఆపి అడిగాడు. మంగళగిరిలో చీరల షాపున్నాయన. ఆయన చాలా మర్యాదగా, మూడు కంటే ఇరవై ఐదు పెద్దది కదండీ అన్నాడు.

తిరుపతిరావు ఆ సాయంత్రం టీ దగ్గర ఈ మాట ఎత్తాడు. కాశీరావు కప్పు కిందపెట్టాడు.

"మీదే ఎక్కువండీ, నాకు తెలుసు," అన్నాడు. "కానీ వచ్చిన కస్టమర్‌తో, మీరు లెక్క తప్పారండీ, అవతలి షాపుకి వెళ్ళండి అని నేనెట్లా చెప్తాను?"

అది తిరుపతిరావుకి కూడా న్యాయంగానే తోచింది. మర్నాడు పొద్దున్నే తన బోర్డులో 6.3 పక్కన ఒక సున్నా పెట్టించాడు. ఆరు పాయింట్ ముప్పై. జనం ఎడమవైపు తిరిగారు. రెండు రోజుల తర్వాత కాశీరావు 6.250 అన్నాడు, అంటే రెండు వందల యాభై. తిరుపతిరావు 6.300 పెట్టాడు. కాశీరావు రెండు వేల ఐదు వందలు చేశాడు. ఇందులో అబద్ధం ఎక్కడా లేదు. ఎన్ని సున్నాలు పెట్టినా రెండు బోర్డులూ నిజమే చెబుతున్నాయి. కిరీటి ఆ మాటే ఇంటికెళ్ళి భార్యకి చెప్పి చాలాసేపు తల పట్టుకున్నాడట.

ఉగాది నాటికి ఒక్కో బోర్డు పద్దెనిమిది అడుగులైంది. ఎడమ నుంచి తిరుపతిరావు సున్నాలు, కుడి నుంచి కాశీరావు సున్నాలు వచ్చి పళ్ళ ఆసుపత్రి బోర్డుని పూర్తిగా కప్పేశాయి. దవడ పట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన, బోర్డు మీదున్నది టోకెన్ నంబరనుకుని కాశీరావు షాపులో గంటంబావు కూర్చున్నాడు. ఇంకెంతమంది తర్వాత నావంతు అని ఆయన అడిగేదాకా ఏ కంప్యూటర్ కోసం వచ్చాడో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టర్ సాయిశ్రీ ఆ సంగతి రాసి, ఫోటోలు తీసి, పద్మావతమ్మ గారికి పంపింది.

పద్మావతమ్మ గారికి డెబ్బై రెండేళ్ళు. పై అంతస్తులోనే ఉంటుంది. ఆమె ఇద్దరినీ పిలిపించి నిలబెట్టి, ఏమిటయ్యా ఈ సున్నాలు అని అడిగింది. ఇద్దరూ ఎవరి వాదన వాళ్ళు వినిపించారు. ఆమె మొత్తం విని, ఇందులో మాటలతో తేలేదేమీ లేదంది. వాళ్ళాయన బతికున్న రోజుల్లో ఊళ్ళో ఎడ్లకి బండలాగుడు పందేలు పెట్టేవాడట. ఏ జత గొప్పదో అరుగు మీద కూర్చుని వాదించేవాళ్ళు కాదట, బండ కట్టి తోలేవాళ్ళట. కాబట్టి వచ్చే ఆదివారం పదింటికి కింద సెల్లార్‌లో రెండు కంప్యూటర్లూ పెట్టండి, అందరిముందూ తోలండి, గెలిచినవాడి బోర్డు ఉంటుంది, ఓడినవాడి బోర్డు దిగుతుంది అని తీర్పు చెప్పింది.

ఆ రాత్రి తిరుపతిరావుకి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కిరీటిని పట్టుకున్నాడు. బిళ్ళని కంపెనీ చెప్పినదానికంటే వేగంగా కొట్టుకునేలా చెయ్యొచ్చనీ, అయితే అది కాలిపోకుండా చల్లబరచాలనీ, ఎంత చల్లగా ఉంచితే అంత వేగం తీయొచ్చనీ కిరీటి చెప్పాడు. అప్పటికే కాశీరావు కైకలూరు నుంచి ఐసు తెప్పిస్తున్నాడని వాచ్‌మన్ చెప్పి వెళ్ళాడు. ఐసు ఫ్యాక్టరీ ఉన్నవాడితో చల్లదనంలో పోటీ పడడమేమిటని తిరుపతిరావు కూలబడ్డాడు. కిరీటి మాత్రం, ఐసు ఎంత వేసినా సున్నా దగ్గరే ఆగుతుందండీ, ఉప్పు కలిపినా ఇంకో ఇరవై డిగ్రీలు దిగుతుందేమో, లిక్విడ్ నైట్రోజన్ ఉంటే మైనస్ నూట తొంభై ఆరు అన్నాడు.

అది ఎక్కడ దొరుకుతుందని ఆటోనగర్‌లో గ్యాసులమ్మే వాళ్ళందరినీ అడిగారు. చిన్న షాపులకి ఇవ్వమన్నారు, ఆదివారమైతే అసలు తెరవమన్నారు. శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే తిరుపతిరావుకి దుర్గ గుర్తొచ్చింది.

మండవల్లి దగ్గర ఆయన సొంత ఊళ్ళో ఒక ప్రైవేటు పాల డెయిరీ తరఫున దుర్గ పనిచేస్తుంది. గేదె ఎదకొస్తే కబురు పెడతారు. ఆమె క్యాన్ వేసుకుని వచ్చి, మేలుజాతి ముర్రా దున్నపోతు వీర్యంతో సూది చేసి, కడుపు నిలుపుతుంది. ఆ వీర్యం సన్నటి స్ట్రాలలో పోసి ఉంటుంది. ఆ స్ట్రాలు పాడవకుండా ఉంచేది లిక్విడ్ నైట్రోజనే. సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఆమె క్యాన్ మూత తీస్తే తెల్లటి పొగ రావడం తిరుపతిరావు చాలాసార్లు చూశాడు. అది ఇలా అక్కరకొస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన శనివారం కారేసుకుని వెళ్ళి సంగతంతా చెప్పాడు. దుర్గ మధ్యలో ఆపకుండా విన్నది. తర్వాత రెండు ప్రశ్నలడిగింది. ఆ బిళ్ళ ఎంతుంటుంది? మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీలకి అది పగలదా? తిరుపతిరావు బిస్కెట్టంత ఉంటుందన్నాడు, రెండోదానికి కిరీటికి ఫోన్ కలిపి ఇచ్చాడు. ఏడేళ్ళుగా దుర్గ ఆ క్యాన్ మోస్తోంది. ఇంతవరకూ ఆమెని గేదెల సంగతి తప్ప ఇంకేమీ అడిగినవాళ్ళు లేరు. సోమవారం వ్యాను వచ్చి డెయిరీ సెంటర్‌లోని పెద్ద క్యాన్‌ని ఎలాగూ నింపుతుంది, అప్పటిదాకా తన క్యాన్‌లో స్ట్రాలు మునిగేంత మిగిలితే చాలు. అందుకని సరే అంది. తిరుపతిరావు చేతులు జోడించబోయాడు.

"ఒక్క మాటండీ," అంది దుర్గ. "క్యాన్ నేనే తెస్తాను, నేనే పోస్తాను. స్ట్రాలు మునిగి ఉండాలి. స్కేలు మీద గీత దగ్గరకి రాగానే ఆపేస్తాను. ఆ తర్వాత ఎవరు చెప్పినా పోయను. మళ్ళీ సాయంత్రం లోపల నన్ను ఊళ్ళో దింపాలి."

ఆయన దేవుడి మీద ఒట్టేశాడు.

ఆదివారం పదింటికి సెల్లార్ నిండిపోయింది. చుట్టుపక్కల షాపులవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, కోచింగ్ కాలేజీ పిల్లలు ఒక యాభై మంది. పద్మావతమ్మ గారు లిఫ్టు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. కాశీరావు వైపు ఐసు దిమ్మలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఉప్పునీళ్ళు చిన్న పంపుతో కంప్యూటర్‌లోకి తిరుగుతున్నాయి. ఆ ఐసు అంతకుముందు రోజు చేపల లారీ ఎక్కి దిగిందేమో, పావుగంటలో బందరు రోడ్డు పిల్లులన్నీ వచ్చి చుట్టూ కూర్చున్నాయి. కాశీరావు ముక్కుకి రుమాలు కట్టుకుని, ఎవరినీ తప్పు పట్టకుండా నిలబడ్డాడు.

మొదట అతని యంత్రమే తోలారు. 6.25 దాటింది, 6.3 దాటింది, 6.41 దగ్గర ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత దుర్గ చేతులకి మందపాటి తొడుగులు వేసుకుని, బిళ్ళ మీద బిగించిన రాగి గిన్నెలోకి సన్నటి ధారగా నైట్రోజన్ పోయడం మొదలుపెట్టింది. పొగ నేలంతా పాకింది. పిల్లులు లేచి వెళ్ళిపోయాయి. కిరీటి ఒక్కో అంకె పైకి చదువుతున్నాడు. ఆరున్నర. ఏడు. ఏడు పాయింట్ నాలుగు. తిరుపతిరావు తన జీవితంలో అంత ఆనందం ఎప్పుడూ ఎరగడు. పెద్దకూతురు పుట్టినప్పుడు కూడా ఇంత కాదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఏడు పాయింట్ ఎనిమిది. ఏడు పాయింట్ తొమ్మిది ఎనిమిది.

దుర్గ చెక్క స్కేలు క్యాన్‌లో ముంచి తీసింది. మంచు పట్టిన చోటు చూసింది. క్యాన్ నిలబెట్టి మూత పెట్టేసింది.

జనం ఎనిమిది, ఎనిమిది అని కేకలు మొదలుపెట్టారు. కిరీటి కూడా, ఇంకో గ్లాసుడు పోస్తే చాలమ్మా అన్నాడు. తిరుపతిరావు ఏంచేస్తున్నాడో తనకే తెలియకుండా క్యాన్ మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద దుర్గ తన చెయ్యి వేసింది. నొప్పి పుట్టేలా ఏమీ కాదు.

"ఇందులో నలభై రెండు గేదెలకి సరిపడా ఉందండీ," అంది.

ఆయన తెరమీది అంకెని చూశాడు. క్యాన్‌ని చూశాడు. మళ్ళీ అంకెని చూశాడు. తొంభై ఎనిమిది కూడా పెద్ద నంబరేలే అని తనలో తను అనుకుంటున్నట్టుగా అని చెయ్యి తీసేశాడు. కాశీరావు వచ్చి మనస్ఫూర్తిగా చెయ్యి కలిపాడు, తన బోర్డు రేపు పొద్దున్నే దింపిస్తానన్నాడు.

అప్పుడు పద్మావతమ్మ గారు అయిందా అని అడిగింది. అయిందన్నారు.

"సరే. ఎడ్లు బండ లాగుతాయి. ఇది ఏం లాగింది?"

అంకె పెరిగిందని కిరీటి చెప్పబోయాడు. ఆమె వినిపించుకోకుండా కొంగుముడి విప్పి ఒక పెన్‌డ్రైవ్ తీసింది. కిందటేడు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి గుణదల నుంచి ఒక వీడియో ఆయన్ని పిలిపించారు. ఆయన ఏదో కొత్త కెమెరాతో నాలుగు గంటల సినిమా తీసిచ్చాడు. అది ఏ టీవీలోనూ ఆడలేదు, అల్లుడి లాప్‌టాప్‌లోనూ ఆడలేదు. ఏడాదిగా ఆమె ఆ ఫంక్షన్ చూడలేకపోయింది. ఇదే బండ, లాగండి అంది.

తిరుపతిరావు యంత్రానికి పెన్‌డ్రైవ్ పెట్టీపెట్టగానే తెర నీలంగా మారి ఆగిపోయింది. ఆ వేగంలో అది నిలబడగలదు గానీ పని చెయ్యలేదండీ అని కిరీటి నేలచూపులు చూస్తూ చెప్పాడు. కాశీరావు యంత్రం పదకొండు సెకన్లు ఆడింది. వినాయకుడి బొమ్మ వచ్చింది, సన్నాయి మొదలైంది. ఐసు కరిగిన నీళ్ళు ఎక్కడో కారాయి, టప్‌మని చప్పుడొచ్చింది, అంతే.

బోర్డుల సంగతి ఏం తేలుతుందో చూడడానికి వచ్చిన డాక్టర్ సాయిశ్రీ, కావాలంటే పైన తన దగ్గరున్నదాంట్లో పెట్టి చూద్దామంది. దవడల ఎక్స్‌రేలు చూసుకునే కంప్యూటర్. కొని పదకొండేళ్ళయిందట. అందరూ పైకెళ్ళారు. అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత మధ్యమధ్య కాస్త ఆయాసపడుతూ ఓణీల ఫంక్షన్ మొదలుపెట్టింది. పద్మావతమ్మ గారు పళ్ళ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, తలుపు వేయించింది. అందరూ పూర్తిగా చూసి, భోంచేసి వెళ్ళాలని చెప్పింది. తిరుపతిరావూ కాశీరావూ వంగి ఆ డబ్బా మీద స్టిక్కర్ వెతికారు. అది ఎప్పుడో అరిగిపోయింది. మాదే అయ్యుంటుందండీ అని కాశీరావు గొణిగాడు. ఆగి ఆగి ఆడే తీరు చూస్తే మీదేననిపిస్తుందండీ అని తిరుపతిరావు అన్నాడు. విప్పి చూద్దామని కిరీటి అంటే, పద్మావతమ్మ గారు, మనవరాలి హారతి అయ్యేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దంది.

రెండింటికి దుర్గ ఫోన్ మోగింది. కైకలూరు పక్క ఊరు నుంచి పెద్దింట్లమ్మ అనే ఆమె. గేదె తెల్లవారుజాము నుంచి అరుస్తోందనీ, సాయంత్రం దాటితే మళ్ళీ మూడువారాలు ఆగాలనీ, ఎక్కడ చచ్చావనీ అడిగింది. దుర్గ తిరుపతిరావు వైపు చూసింది. తీర్పు ఇంకా రాలేదు. బోర్డు ఉంటుందో ఊడుతుందో తెలియకుండా వెళ్ళడానికి ఆయనకి కాళ్ళు రాలేదు. ఒక నిమిషం ఆ తెరవైపు చూశాడు. అక్కడ ఎవరో అత్తయ్యలు వరసగా అక్షింతలు వేస్తున్నారు, ఇంకా చాలామంది ఉన్నారు. ఒట్టు గుర్తొచ్చింది. కారు తాళాలు తీసుకున్నాడు.

క్యాన్‌ని ముందు సీటులో పెట్టి బెల్టు పెట్టారు. ఆ ఆవిరితో ఊపిరాడదని దుర్గ నాలుగు అద్దాలూ దింపించింది. కంకిపాడు దాటాక గాలి హోరులోంచి ఆమె వెనక నుంచి అడిగింది.

"ఎనిమిది వచ్చుంటే ఏమయ్యేదండీ?"

తిరుపతిరావు ఆలోచించాడు. గుడివాడ బైపాస్ దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

"బోర్డు మార్చేవాణ్ణి," అన్నాడు.

పెద్దింట్లమ్మ ఇంటి దగ్గర దిగేసరికి నాలుగున్నర. ఆమెకి అరవై దాటి ఉంటాయి, సన్నగా, గొంతు మాత్రం పెద్దగా. ఎవరీయన అని కూడా అడక్కుండా తిరుపతిరావు చేతికి గేదె తోక ఇచ్చి పక్కకి పట్టుకోమంది. దుర్గ పట్టకారుతో ఒక స్ట్రా తీసి, గోరువెచ్చటి నీళ్ళలో వేసి, గడియారం చూసుకుంటూ నిలబడింది. ముప్పై సెకన్లు. గేదె అరవడం మానేసింది. తర్వాత దుర్గ తన పని మొదలుపెట్టింది, నిమ్మళంగా, చెయ్యి మోచేతి దాకా పోనిచ్చి. తిరుపతిరావు తల తిప్పుకుని కొబ్బరిచెట్టు వైపు చూశాడు.

పెద్దింట్లమ్మకి అప్పుడు తీరిక దొరికింది. ఏం చేస్తావు బాబూ అంది. బెజవాడలో కంప్యూటర్లు అమ్ముతానన్నాడు.

"మా చెల్లెలి కొడుకు కాశీ కూడా అదే వ్యాపారం. తెలుసా వాడు?"

తిరుపతిరావు తోక మీద పట్టు బిగించాడు. తెలుసండీ, మా వరసలోనే ఆ చివర షాపు అన్నాడు. వాడి సరుకు మంచిదేనా అని ఆమె అడిగింది. ఆయన నోటికి 6.25 అనే అంకె వచ్చింది, దాని పక్కన తన అంకె కూడా వచ్చింది. రెండూ మింగేశాడు.

"మంచిదేనండీ. ఐసు మరీ మంచిది," అన్నాడు.

ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులూ ఖాళీ లేవు. పెద్దింట్లమ్మ చొరవగా జేబులో చెయ్యిపెట్టి తీసి, స్పీకరు పెట్టింది. కాశీరావే. ఇంకా పళ్ళ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఫంక్షన్ మూడో గంట నడుస్తోందనీ, మధ్యలో కరెంటు పోతే పద్మావతమ్మ గారు మళ్ళీ మొదటినుంచి వేయించిందనీ గుసగుసగా చెప్పాడు. తీర్పు కూడా చెప్పేసిందట. బండ లాగింది డాక్టరుగారి కంప్యూటర్ కాబట్టి, ఈ చివర నుంచి ఆ చివరదాకా పళ్ళ ఆసుపత్రి బోర్డే పెట్టాలట. మన రెండు బోర్డులూ దింపేస్తున్నారు. ఇప్పుడే ముగ్గురు కోచింగ్ పిల్లలు, అలాంటి పాత కంప్యూటర్ ఉందా అని అడిగి వెళ్ళారు.

"మీరు అదృష్టవంతులండీ, బయటపడ్డారు," అన్నాడు కాశీరావు. "ఇంతకీ ఎక్కడున్నారు?"

తిరుపతిరావు జవాబు చెప్పేలోగా పెద్దింట్లమ్మ ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుంది.

"ఒరే కాశీ, నేనురా. మీ షాపు వరసాయన మన గేదె తోక పట్టుకుని ఉన్నాడు. మర్యాదస్తుడు. నువ్వు చేపల వాసనని ఈ గుమ్మం తొక్కి రెండేళ్ళయింది."

అవతల సన్నాయి సన్నగా వినిపించింది. తర్వాత కాశీరావు, వచ్చే ఆదివారం వస్తాను పెద్దమ్మా, ఆయన్ని భోంచేసి వెళ్ళమను అన్నాడు. ఆమె అది నువ్వు చెప్పాలా అని ఫోన్ పెట్టేసి, తిరిగి జేబులో వేసి, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.

తిరుపతిరావు అలాగే నిలబడి ఉన్నాడు. పద్దెనిమిది అడుగుల బోర్డు ఈపాటికి నేలమీద ఉంటుందనుకున్నాడు. అనుకున్నంత బాధ కలగలేదు, కలుగుతుందేమోనని ఇంకాసేపు చూశాడు. దుర్గ అప్పటికే బకెట్ దగ్గర చేతులు కడుక్కుని, క్యాన్ మూత సరిచూసుకుని, పుస్తకంలో తేదీ రాసుకుంటోంది. తలెత్తి ఆయన్ని చూసి, పని అయి పది నిమిషాలైందండీ, తోక వదిలెయ్యొచ్చు అంది.